రాణిగారి చెంప మీద వేలిముద్ర

ఆ రోజుల్లో, అంటే ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమై, దుకాణాల బోర్డుల మీద పాత రాష్ట్రం పేరు ఇంకా పూర్తిగా చెరిగిపోని రోజుల్లో, ప్రపంచంలో నాకు తెలియని సంగతి ఏదైనా ఉంటుందంటే నేను నమ్మేవాణ్ణి కాను. కొత్త ఉద్యోగం, మొదటి జీతంతో కొన్న భూతద్దం, ఈ రెండూ చాలు మనిషిని పాడుచేయడానికి. కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను. ఒక ఆదివారం మా బాబాయి రాగి కాణీని పాడుచేసింది నేనే. అది మొదటి తప్పు. పాడుచేసిందెవరో కనిపెడతానని బయలుదేరి మా పిన్నిని దోషిగా నిలబెట్టడం రెండోది. మొదటిదానికి రాగి గుణమే కొంత కారణమని ఈ రోజుకీ వాదించగలను. రెండోదానికి నా దగ్గర వాదనేమీ లేదు.

సిల్తారాలో ఒక స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ ల్యాబులో చేరి, డబ్ల్యూఆర్ఎస్ అనే రైల్వే కాలనీలో పిన్నీ బాబాయిల క్వార్టర్లో ఉండేవాణ్ణి. బాబాయి వ్యాగన్ల వర్క్‌షాపులో వెల్డరు. శ్రీకాకుళం నుంచి వచ్చి ఎన్నో ఏళ్లయినా ఆయన తెచ్చుకున్న అలవాట్లు రెండే: చద్దన్నం, పాత రాగి నాణేలు. కాలనీలో ఆయన్ని చాటుగా ‘చిల్లర బాబాయి’ అనేవారు. (చాటుగా అనుకునేవాళ్ళు గానీ, ఆయనకి అన్నీ వినబడేవి.) నాణేన్ని రెండు రకాలుగా చూడాలని నాకు నేర్పింది ఆయనే. ఒకటి అరుగుదల. నాణెం మీద బొమ్మగా ఉన్న రాణిగారి జుట్టు పాయలు విడివిడిగా కనిపిస్తే మంచి నాణెం, జుట్టంతా ఒకే ముద్దయిపోతే బజారులో బాగా తిరిగిన నాణెం. రెండోది రంగు. టంకశాల నుంచి వచ్చినప్పటి ఎరుపు నిలిచి ఉంటే గొప్ప, సగం పోతే మధ్యరకం, పూర్తిగా గోధుమరంగుకు తిరిగితే మామూలు. ఈ మూడు రంగులకీ నేను ఇంట్లోనే కొలతలు ఏర్పాటు చేశాను: మోటారుకి చుట్టే కొత్త రాగితీగ, కొత్త బెల్లం, పాత చింతపండు. వంటింట్లోంచి బెల్లం మాయమవుతుండటానికి అదొక కారణం. (నేను తినడం ఇంకో కారణం.)

ఇక బాబాయి నియమాలు. నాణేన్ని అంచులతోనే పట్టుకోవాలి, కింద మడత పెట్టిన తువ్వాలు ఉండాలి, దాని మీద నోరు విప్పకూడదు. తుంపర పడితే రాగి మీద మచ్చ పడుతుంది. అందుకని ఆయన పెట్టె తెరిస్తే ఇల్లంతా మౌనవ్రతం. పిన్ని సరిగ్గా అప్పుడే వచ్చి, “ఏటి కూర వండమంతారు?” అని అడిగేది. బాబాయి మెల్లగా మొహం పక్కకి తిప్పి, “వంకాయ” అని గోడకి చెప్పేవాడు.

ఆ సంవత్సరం, నాణేలు సేకరించేవాళ్ళ క్లబ్బు ప్రదర్శనలో బాబాయికి మొదటిసారి ఒక టేబుల్ ఇచ్చారు. అంతవరకూ ఏటా టికెట్ కొనుక్కుని వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని చూసి వచ్చేవాడు. టేబుల్ ఇప్పించింది ఒకే ఒక కాణీ. అంత పాతదైనా ఎరుపు చెక్కుచెదరని రాణిగారి కాణీ. అది చూసి క్లబ్బు సెక్రటరీ, బట్టల వ్యాపారి అయిన సేఠ్‌జీ, “అరే భాయ్, యే తో సోనా హై!” (ఇది బంగారమే!) అన్నాడట. బాబాయి ఆ మాట మాకు ఎన్నిసార్లు చెప్పాడో! చెప్పినప్పుడల్లా సేఠ్‌జీ గొంతు పెట్టి మరీ చెప్పేవాడు.

ప్రదర్శనకి నెలముందు ఒక ఆదివారం బాబాయి ఎవరి గృహప్రవేశానికో అభన్‌పూర్ వెళ్ళాడు. ట్యూబులైటు కింద కనిపించే ఎరుపు ఎండలోనూ అంతే ఎరుపుగా ఉంటుందా అని నాకు అనుమానం వచ్చింది. తెలుసుకోవాలనే దురద తప్ప మరే దురుద్దేశమూ లేదు. కాణీని పెరట్లోకి తెచ్చి, చేగోడీలు తింటూ, అంచులతోనే పట్టుకుని ఎండలో తిప్పి చూశాను. అబ్బ, ఏం రంగు! చూస్తుండగా జారింది. కింద పడకుండా పట్టుకున్నాను. అప్పటికి నాణెం మీద ఏ గుర్తూ లేదు. పడనివ్వకుండా కాపాడానని గర్వపడుతూ లోపల పెట్టేశాను. పట్టుకున్నది బొటనవేలితోననీ, దానికి చేగోడీల ఉప్పు అంటి ఉందనీ మనసు రాసుకోలేదు. రాగి మాత్రం మెల్లగా, రోజుల తరబడి రాసుకుంది.

ప్రదర్శనకి ముందు ఆదివారం బాబాయి పెట్టె తెరిచి, మౌనవ్రతం మరిచి కేకేశాడు. రాణిగారి చెంప మీద, చెవి నుంచి గడ్డం దాకా, గోధుమరంగులో ఒక బొటనవేలి ముద్ర, గీత గీతా తెలిసేలా.

“ఎవులు ముట్టుకున్నారు దీన్ని?”

నేను వెంటనే భూతద్దం తీశాను. (నన్ను నేను అనుమానించాలన్న ఆలోచనే రాలేదు. నేను అంచులతో పట్టుకునే మనిషిని కదా.) “బాబాయ్, నువ్వు కంగారుపడకు, నేను తేలుస్తాను. పిన్నీ, నిన్నగాక మొన్న ఈ పెట్టె ఉండే బీరువా నువ్వే కదా సర్దావు?” అన్నాను.

“సర్దితే?”

“చింతపండు చేత్తో పెట్టె ముట్టుకుని ఉంటావు. గుర్తులేదేమో.”

పిన్ని నన్ను చూడలేదు, బాబాయి వైపు చూసింది. ఆయన కాణీ మీంచి తల ఎత్తలేదు. అదే ఆమెకి తగిలింది. “ఇంత మాత్రానికి దర్యాప్తెందుకురా, ఇదిగో సూడు” అని తడిచెయ్యి చీరకి తుడుచుకుని నా ముందు చాపింది.

భూతద్దంలో చూశాను. గీతలు లేవు. మళ్ళీ చూశాను. బొటనవేలి కొస చదునుగా, నున్నగా, అక్కడక్కడా సన్నని పగుళ్లతో ఉంది.

“గీతలేవి పిన్నీ?”

“ఏటి గీతలు? గిన్నెలు తోమి తోమి ఎప్పుడో పోయినాయి. రేషను కార్డుకి ముద్ర ఎయ్యమంటే ఉత్త సిరా మరక పడిందని ఆ గుమాస్తా నవ్వాడు.”

బాబాయి కూడా తన వేలు తీసి చూపించాడు. వెల్డింగు రవ్వలకి కాలి కాలి అదీ అంతే. రాణిగారి జుట్టు అరిగిందో లేదో పది అడుగుల దూరం నుంచి చెప్పగలనని గొప్పలు పోయేవాణ్ణి, రోజూ అన్నం పెట్టే చేతిని ఒక్కసారీ చూడలేదు. ఆ ఇంట్లో గీతలు అరగని వేలు ఒకటే మిగిలింది.

“మరి నీది సూపించు, ఇన్‌స్పెక్టరు బాబూ” అంది పిన్ని.

చూపించాను. ల్యాబులో గాజుగొట్టం కోసిన ఏటవాలు మచ్చ నా వేలి మీద. అదే మచ్చ, అద్దంలోలా తిరగబడి, రాణిగారి చెంప మీద. చేగోడీలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. పిన్ని కాళ్ళ మీద పడబోయాను. “లే లే, పాలు పొంగిపోతన్నాయి” అని లోపలికి వెళ్ళిపోయింది. బాబాయి పెట్టె మూసి, “సేఠ్‌జీకి టేబుల్ వద్దని చెప్పేద్దాంలే” అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు డ్యూటీ దిగి తిన్నగా సేఠ్‌జీ దుకాణానికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. “దాగ్ వాలా సిక్కా, మరక నాణేన్ని ఎవరు చూస్తారు బేటా?” అన్నాడాయన. “మరక చూడ్డానికే వస్తారు, మరక చేసినవాణ్ణి కూడా పక్కనే నిలబెడతాను” అన్నాను. ఆయన నా మొహం చూసి, నవ్వి, సరేనన్నాడు.

ప్రదర్శన రోజు కాణీ పక్కన హిందీలో నేనే రాసిన అట్ట పెట్టాం: ‘ఈ ముద్ర నాది. రాగిని ఇలా పట్టుకోకండి.’ పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను వేలు చాపి నిలబడ్డాను. జనం ముద్రనీ వేలినీ పోల్చి చూసి, అవునవునని తలలూపి, ఇళ్ళల్లో మిగిలిన వాళ్ళని కూడా పిలుచుకొచ్చారు. ఇది ఏ తరగతి నాణెం అని ఎవరో అడిగితే బాబాయి టేబుల్ వెనక కుర్చీలో నిటారుగా కూర్చుని, “అరుగుదల లేదు, రంగు ఎరుపు, మరక మావాడిది” అన్నాడు.

పిన్నికి నా బాకీ అలా తీరేది కాదు. ఆ మర్నాటి నుంచి రాత్రి గిన్నెలు నేను తోముతానన్నాను. ఆమె వద్దనలేదు. నేను తోమినవన్నీ నా ఎదుటే మళ్ళీ తోమేది. నెలలు గడిచాయి. ఒకరోజు నేను కడిగిన పప్పుగిన్నెని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ తోమకుండా తిన్నగా అలమారలో పెట్టేసింది. ఆ కుర్రాణ్ణి, అంటే అప్పటి నన్ను, తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మర్నాడు సిల్తారా దాకా ఈల వేసుకుంటూ వెళ్ళాడు.