తాలు సీసా

యాకమ్మ గురించి రాయాలంటే ముందు నా తప్పు ఒప్పుకోవాలి. ముప్పై ఏళ్ళు హనుమకొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పినవాణ్ణి. సముద్రం చూసింది మాత్రం రెండుసార్లే, అదీ పిల్లలను వెంటేసుకొని టూర్లకు పోయి.

యాకమ్మది ధర్మసాగర్. ఇరవై ఏళ్ళు ఎనుమాముల మార్కెట్లో మిర్చి ఏరింది. ఘాటుకు దగ్గు పట్టుకొని, మా ల్యాబులో ఊడ్చి తుడిచే పనికి చేరింది. చదువు రాదు. చూపు మాత్రం గద్ద చూపు.

మూడేళ్ళ కింద నా క్లాస్‌మేట్ సుదర్శన్ కొచ్చి నుంచి ఒక డబ్బా పంపాడు. ఆల్చిప్పల మీదనే బతుకంతా గడిపిన మనిషి వాడు. బంగాళాఖాతంలో రెండు కిలోమీటర్ల లోతు నుంచి తీసిన బురదను కడిగితే మిగిలిన రవ్వ అది, స్పిరిట్‌లో నానుతోంది. అందులో నువ్వుగింజంత ఆల్చిప్పలుంటాయి, రకాలవారీగా వేరుచేసి పంపమన్నాడు. నాకేమో కళ్ళల్లో శుక్లాలు. మైక్రోస్కోపు ముందు యాకమ్మను కూర్చోబెట్టాను. సన్న బ్రష్ చేతికిచ్చి, ఆమెకు తెలిసిన మాటలోనే చెప్తున్నానని మురిసిపోతూ, "మూసుకొని నిండుగ ఉన్నయి ఒకదిక్కు పెట్టు. జోడు విడిన సగం చిప్పలు తాలనుకో, తీసెయ్" అన్నాను. తాలంటే మిర్చిలో రంగు పోయిన కాయ. ఆ సగం చిప్పల విలువ నాకప్పుడు తెలియదు.

రెండు నెలలైనాక ఒకరోజు, "సార్, మీరు రెండు రకాలంటిరి. మూడున్నయి" అంది.

"వాటి పిల్లలై ఉంటయిలే."

"పిల్లలు గాదు సార్. పైన గీతలు లెక్కవెట్టిన, పిల్లలకు తక్కువుంటయి. పెద్దయే. నడుము కాడ జర నొక్కుంటది."

నా అంత చదివినవాడికి అది ఒప్పుకోవడానికి వారం పట్టింది. ఆ మూడో రకంవి ఆరు దొరికాయి. ఫొటోలు పంపితే సుదర్శన్, కొత్త జాతే కావచ్చు అన్నాడు. ఆ ఊపులో, "యాకమ్మా, దీనికి నీ పేరే పెట్టిస్త" అనేశాను. ఆమె కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

ఇంతలో కాలేజీకి తనిఖీ వస్తుందన్నారు. ల్యాబు సర్దుతూ, చీటీ లేని సీసాలన్నీ సింకులో పారబోశాను. 'చీటీ లేనిది చెత్తే' అని ఏటా పిల్లలకు చెప్పే మాట నాది. వాటిలో కిటికీలోని బామ్ సీసా ఒకటి. లోపలేముందో చూడలేదు.

పదిరోజులకు సుదర్శన్ ఫోన్ చేశాడు. "కొత్తదని తేలాలంటే కీలు చూడాలెరా. రెండు చిప్పలు కలిసేకాడ రంపానికున్నట్టు సన్నటి పండ్లుంటయి, వాటి వరసే గుర్తు. మూసుకున్నయి తెరిస్తే పగుల్తయి. విడి చిప్పలున్నయా?" వినకుండా ఒకటి తెరవబోయాను. అప్పడంలా పొడైంది. ఐదు మిగిలాయి.

కోపమంతా యాకమ్మ మీద చూపించాను. నా అరుపులకు ప్రిన్సిపాల్ ఓంప్రకాశ్ గారు కూడా వచ్చి నిలబడ్డారు.

"సగం చిప్పలేం జేసినవ్? పారేసినవా?"

"తాలు పారేస్తరా సార్? తాలుకు గూడ రేటుంటది. బామ్ సీసాల పోసి కిటికీల వెట్టిన."

సింకులో పారబోసిన బామ్ సీసా గుర్తొచ్చింది. నేనే పారబోశానని ఒక్క మాట అంటే అయిపోయేది. ప్రిన్సిపాల్ ముందు నోరు రాలేదు. పైగా, "మరి సీసా ఏది?" అని గద్దించాను. ఛీ, అదేం బుద్ధి నాది! యాకమ్మ నన్నొకసారి చూసి తల దించుకుంది.

"ఏమో సార్. నా చెయ్యే తప్పిందేమో."

మరుసటి నెల పని మానేసింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను కాలు కడుక్కోవడానికి రెండేళ్ళు తీసుకున్నాను. రిటైరయ్యాక, మొన్న ఫిబ్రవరిలో ఎనుమాముల పోయాను. ముఖానికి తువ్వాల చుట్టుకొని మిర్చి కుప్ప దగ్గర కూర్చుని ఉంది.

"మంచిగున్నరా సార్? కండ్ల ఆపరేషన్ అయిందా?"

అయిందన్నాను. తర్వాత ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె చేయి ఆగలేదు.

"నాకెర్కనే సార్. మీరు పారవోసిన తెల్లారి సింకు కడుగుతుంటె జాలీల నాలుగు చిక్కినయి. మన మూడో రకమే."

"మరి తీసి దాచలేదా?"

"మీరే పారేసిండ్రంటె అక్కెరకు రానియే అనుకున్న. చీటీ లేనిది చెత్తే అంటరు గద. నాకు చీటీ రాయరాదాయె. ఊడ్చేసిన."

మిర్చి ఘాటుకు ఆమెకు దగ్గు తెర వచ్చింది. అది ఆగాక మళ్ళీ తనే అంది.

"మా వాడకట్టోళ్ళు ఇంకా అడుగుతాండ్రు సార్, నీ పేరు పెట్టిండ్రా అని. ఏం చెప్పమంటరు?"

ఆ ఐదు చిప్పలు నా బీరువాలో ఉన్నాయి. వాటికి చీటీ ఉంది, కీలు చూడనిదే కొత్త జాతని తేలక పేరు రాసేచోటు ఖాళీగా ఉంది. ఆ సంగతి కూడా చెప్పలేక, పోయొస్తనని లేచి వచ్చేశాను.