పుట్టికి ముందు ఎటు?

ఇవాళ పొద్దున గంగన్న తన పుట్టిని బస్సు టాపు మీద వేసుకొని ఆర్మూర్ వచ్చాడు. వెదురుతో అల్లి తారు పూసిన గుండ్రటి పడవ అది. గోదావరిలో చేపలు పట్టేది దానితోనే. లైసెన్సు లేకపోతే రేపటి నుంచి నీళ్లలో దించనివ్వరట. ఫీజు కట్టాక, నా ఎస్టీడీ బూత్ పక్కనున్న మత్స్యశాఖ ఆఫీసు గుమాస్తా రంగు డబ్బాతో బయటికొచ్చాడు. నంబరు పడవ ముందు భాగంలోనే రాయాలట.

"ముందటి దిక్కేది?" అన్నాడు.

"పుట్టికి ముందు, ఎనక ఉంటదా సారూ? నేనెటు మల్లి కూసుంటే గదే ముందు."

"అయితే కూసో."

చుక్క నీరు లేని రోడ్డు పక్కన గంగన్న పుట్టిలో కూర్చున్నాడు. పసుపు బస్తాల బండ్లు ఆగి చూశాయి. గుమాస్తా వంగి, అతని మొహం ఉన్న వైపు శ్రద్ధగా నంబరు రాశాడు.

గంగన్న లేవలేదు. కూర్చున్నచోటే వెనక్కి తిరిగాడు.

"సారూ, గిప్పుడు నంబరు ఎనకకు వోయింది. మల్ల ఫీజు కట్టాల్నా?"

గుమాస్తా నవ్వలేదు. "జర ఆగు, పెద్దసారును అడిగొస్త" అని లోపలికి వెళ్లాడు.

సాయంత్రం నేను బూత్ మూసేటప్పటికీ గంగన్న పుట్టిలోనే ఉన్నాడు. జవాబు తెలిసినవాళ్లు నాకు చెప్పండి. ఆఫీసులో మాత్రం చెప్పకండి, దానికీ ఓ ఫీజు పెడతారు.