మంచం నుంచి స్టేషను దాకా

కాశీకి పోయేవారికి దారి చెప్పే పుస్తకాలు బోలెడున్నాయి. మంచం దిగి జహీరాబాదు స్టేషనుకు పోయేవారికి ఒక్కటీ లేదు. ఆ లోటు తీర్చడానికే ఈ కథనం. దూరం నాలుగు ఫర్లాంగులు. నా కాళ్ళ లెక్కన నాలుగు వందల మైళ్ళు.

కారణం చెప్పాలి. మూడు నెలలుగా నాది దిగులు జబ్బు. ఒంట్లో ఎక్కడా నొప్పి లేదు, దేనిమీదా మనసూ లేదు. హైదరాబాదు డాక్టరు గోలీలు రాసి, "ఇవి సగం పని చేస్తాయి, మిగతా సగం మీరు. రోజూ స్నానం, వేళకు తిండి, స్టేషను దాకా నడక. వచ్చే నెలకు గడప దాటకపోతే దవాఖానలో చేర్చుకుంటాను" అన్నాడు.

ఎనిమిది రోజులు బయలుదేరాను. ఎనిమిది రోజులూ గడపలోనే ఆగిపోయాను. తప్పు పక్కింటి నర్సవ్వది. చెప్పులు తొడగగానే అరుగుమీంచి, "ఎటు పోతున్నవ్ కొడుకా?" అనేది. బయలుదేరే మనిషిని ఎటు అని అడిగితే పని చెడుతుంది. వెనక్కి వచ్చి కూర్చుని, నీళ్ళు తాగి మళ్ళీ కదలాలి. నేను నీళ్ళు తాగేవాణ్ణి. కూర్చోవడానికి బదులు పడుకునేవాణ్ణి. నిజం దాచను, ఆమె అడగడం ఆలస్యమైతే గడపలో నిలబడి దగ్గేవాణ్ణి.

తొమ్మిదో రోజు ఆరింటికి నా భార్య శాంతమ్మ నీళ్ళు కాచింది. నా ఒంటిమీంచి దిగిన మట్టిలో ఎకరం జొన్న పండేది. ఏడింటికి గోలీ. చేతిలో రెండు జొన్నరొట్టెల మూట. ఏడుంబావుకు గడపలో నిలబడి దగ్గాను.

నర్సవ్వ కొంగు నోట్లో కుక్కుకుని, గుడ్లు మిటకరించి చూస్తోంది. మళ్ళీ దగ్గాను. పొమ్మని చెయ్యి ఊపింది.

లోపలినుంచి శాంతమ్మ గొంతు: "ఇంకెంతసేపు దగ్గుతరు? అడగొద్దని నేనే చెప్పిన. పొద్దుగాల్నుంచి పాపం నోరు కట్టుకొని కూసుంది. పోన్రి!"

పోక తప్పలేదు.

కిరాణా దుకాణం ముందు కూలబడదామనుకున్నాను. వెనక్కి చూస్తే కొంగు ఇంకా నోట్లోనే ఉంది. ఊపిరాడక ముసలామెకు ఏమైనా అయితే ఆ పాపం నాది. మలుపు తిరిగాను.

ఎనిమిదికి స్టేషను. బీదరు బండి ఆలస్యం. బల్లమీద రాయికోడ్ రైతు ఒకాయన, కాళ్ళదగ్గర కందుల సంచి.

"ఏ బండికి సార్?"

"ఏ బండికీ కాదు. మనసు బాగలేదు. నడవమన్నారు."

బయటివాళ్ళకు ఆ మాట చెప్పడం అదే మొదలు. నవ్వుతాడనుకున్నాను. సంచి జరిపి చోటిచ్చాడు.

"మా అన్నకు గిట్లనే అయ్యె. ఎవ్వరికి చెప్పుకోలె, మంచం కాడనే ఆగిండు. మీరు చెప్పిన్రు గద, మంచిగైతరు. ఫికర్ చేయకున్రి. జర ఆ మూట ఇప్పున్రి, ఆకలైతుంది."

చెరో రొట్టె తిన్నాం. ఎల్లిపాయ కారం ఆయనది. మూడు నెలల తర్వాత నా నాలుకకు మంట తెలిసింది. కళ్ళలో నీళ్ళు కారానివేనని ఆయనకు చెప్పాను. మీకు చెప్పను.

ఎనిమిదిన్నరకు ఆయనను బండెక్కించి తిరుగుముఖం పట్టాను. వచ్చేటప్పుడు దారి ఒక మైలు తగ్గింది. ఈ యాత్ర చేయదలచినవారికి సామాను పెద్దగా అక్కర్లేదు. నీళ్ళు కాచేవారొకరు, బల్లమీద జరిగేవారొకరు, నోరు మూసుకునేవారొకరు. నాకు ముగ్గురూ దొరికారు.

తొమ్మిదికి అరుగుమీద నర్సవ్వ నోరు తెరిచింది.

"ఎటు పోయొచ్చినవ్ కొడుకా?"

"స్టేషనుకు అవ్వా."

"నా పెండ్లినాడు సుత గింతసేపు నోరు మూసుకోలె. రేపు ఎన్ని గంటలకు? చెప్తే ముందుగాలనే కొంగు పెట్టుకుంట."

"ఏడుంబావుకు" అన్నాను.