కేకలేసి గుట్టు దాచిన పెద్దమ్మ

...అని నిన్న అక్కడే ఆగిపోయాను. తర్వాతి మాట రాయడానికి చెయ్యి రాలేదు. ఇవాళ రాసేస్తాను. మా పక్కింటి పెద్దమ్మ సోమవారం తెల్లారేసరికి చనిపోయింది. నిద్రలోనే పోయింది. ఠాణా జిల్లా కామత్‌ఘర్‌లో మా గల్లీ సాంచాలు, అంటే పవర్‌లూమ్‌లు, ఆమె కోసం కాసేపు ఆగాయి.

సాంచాల మధ్య బతకని మీకు ఒక సంగతి చెప్పాలి. ఆ చప్పుడులో మాట వినపడదు. అందుకే ఇక్కడి ఆడవాళ్లు గొంతు లేకుండా పెదవులు కదిలిస్తారు, అవతలివాళ్లు చూసి అర్థం చేసుకుంటారు. పెళ్లై వచ్చిన నాటి నుంచి కార్ఖానాలో నూలు కండెలు చుట్టీ చుట్టీ పెద్దమ్మ చెవులు దాదాపు పోయాయి. పెదవులు చదవడంలో మాత్రం ఆమె తర్వాతే ఎవరైనా. తన గొంతు తనకు వినపడదు కనుక "చాయల చక్కెరెయ్యి" అన్నా గల్లీ చివరిదాకా వెళ్లేది. కొత్తగా దిగిన కిరాయివాళ్లు కొట్లాట అనుకుని బయటికొచ్చేవాళ్లు.

పన్నెండో తరగతి పరీక్షలయ్యాక, నర్సింగ్ చదవాలని ఉందని మొదట చెప్పింది ఆమెకే. బాపుకు చెప్పే ధైర్యం లేదు. "ఇంటి పిల్లకు రాత్రి డ్యూటీలేంది" అనే మనిషి ఆయన. ఆ సాయంత్రం బాపు గడప మీద కూర్చుని ఉన్నాడు. ఆయన వెనక నిలబడి, ఎదురుగా ఉన్న పెద్దమ్మకు పెదవులతోనే చెప్పాను, నర్సునవుతాను, బాపుకు చెప్పకు అని.

"నర్సా? మంచిగుంటది బిడ్డా. బాపుకు నేనెందుకు చెప్త?" అని పెద్దమ్మ కేకేసింది.

బాపు తలెత్తి పెద్దమ్మను చూశాడు. "ఏంది వదినే, నాకు చెప్పంది? నర్సెవరు?"

పెద్దమ్మ రెప్ప వేయలేదు. "నాకే నర్సు కావాలె. బీపీ చూపిచ్చుకోవాలె. నీకు చెప్తె నా కొడుకుకు ఫోన్ కొట్టి పరేషాన్ చేస్తవ్. నీ బిడ్డను నా ఎంబడి తోలు."

ఆ అబద్ధం నిలబెట్టడానికి వారం వారం షేర్ ఆటోలో నిజాంపురా దవాఖానకు వెళ్లేవాళ్లం. చూస్తే ఆమెకు బీపీ నిజంగానే ఎక్కువుంది. "చూసినవా, అబద్ధమాడితె గిట్లనే నిజమైతది" అని పడీ పడీ నవ్వింది. అక్కడి నర్సు నా చేత పెద్దమ్మ చేతికి బీపీ పట్టీ చుట్టించేది. నేను బయాలజీ పైకి చదువుతుంటే పెద్దమ్మ నా నోరే చూసేది. "ఇంగ్లీషుల పెదాలు సరిగ తెరువరేందే, నోట్ల ఏమన్న దాస్తరా?"

ఒకరోజు సాంచాలో వేలు నలిగిన మనిషి వచ్చాడు. రక్తం చూసి నేను గోడ పట్టుకుని కూలబడ్డాను. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో, నాతోని కాదు, భయమైతుంది అని పెదవులతో అన్నాను.

"భయమున్నోళ్లే కట్టు మెల్లగ కడ్తరు బిడ్డా. భయం లేనోడు గుంజి కడ్తడు" అంది, ఆటో అంతా వినేలా. అందరూ నన్నే చూశారు. సిగ్గుతో చచ్చిపోయాను గానీ, ఆ మాట నన్ను వదల్లేదు. ఆ తర్వాతి వారం అలాంటి వేలికే నర్సు కట్టు కడుతుంటే దూది అందించాను.

ఈ ఆదివారం ఠాణా పట్నంలో నా నర్సింగ్ ఎంట్రన్స్. పెద్ద డాక్టరుకు చూపించుకోవాలని బాపుతో చెప్పి తనే నన్ను తీసుకెళ్తానంది. పోయిన వారం బాపు ముందే, మొదటిసారిగా గొంతు లేకుండా పెదవులు కదిలించింది, "పరీక్షైనంక నేనే చెప్త."

ఇక ఆమె చెప్పే వీలు లేదు. నాకు వేరే అబద్ధం అల్లడం రావడం లేదు, అల్లాలని కూడా లేదు. ఇవాళ శుక్రవారం, సాంచాలకు సెలవు. నేనేమన్నా బాపుకు స్పష్టంగా వినిపిస్తుంది. చెప్తే ఆయన ఏమంటాడో తెలియదు. చెప్పకుండా మాత్రం ఠాణా వెళ్లను.

తలుపు చప్పుడు. బాపు చేత్తో కాదు, కాలితో తడుతున్నాడు.

"బిడ్డా, చాయ తెచ్చిన. రెండు గ్లాసులున్నయి, తియ్యి జల్ది, చేతులు కాల్తున్నయి."

కాగితాలు పరుపు కిందికి తోస్తున్నా, చాయ తాగుతూనే చెప్పేస్తా