తొంభై గ్రాములు తగ్గిన నూనె

తిరుత్తణిలో మాది నేత ఇల్లు. నూలు తెచ్చినా, నేసిన చీర అప్పజెప్పినా అంతా తూకంతోనే. అందుకే మా అత్తకు ఏ సరుకైనా త్రాసు ఎక్కితేనే నమ్మకం. ఈ రోజు పొద్దున తన సొంత తమ్ముడి గానుగ నుంచి వచ్చిన లీటరు నూనెను కూడా నూలు తూచే త్రాసు మీద పెట్టింది. ఖాళీ సీసా బరువు తీసేస్తే కిలోకు తొంభై గ్రాములు తగ్గింది.

"చూడు మ్మే, తోడబుట్టినోడే నన్ను ఏమార్చినాడు!" అంటూ వెంటనే తమ్ముడికి వాయిస్ మెసేజ్ పెట్టేసింది.

నేను నూనెను గిన్నెలోకి వంపి, సీసా కడిగి తుడిచి, నూనె ఉన్న మట్టానికే నీళ్ళు పోసి తూచాను. సీసా బరువు పోను సరిగ్గా కిలో.

"అది లీటరే అత్తా. నీళ్ళకంటే నూనె తేలిక. పులుసు మీద తేలేది అందుకే కదా!" అన్నాను.

అంతలో తమ్ముడి ఫోన్. "కోపం చేసుకోవద్దక్కా, సాయంత్రం ఇంకో సీసా పంపిస్తా" అన్నాడు.

నిజం చెప్పమని సైగ చేశాను. అత్త ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి, "తమ్ముడు ప్రేమగా ఇస్తా ఉంటే వద్దంటారా మ్మే?" అంది.

ఇందాకే రెండో సీసా వచ్చింది. అత్త దాన్ని తూచలేదు.

రోజూ గానుగ ఆడించే మనిషికి లీటరు నూనె ఎంత తూగుతుందో తెలియదంటారా? అక్కతో వాదించి గెలిచిన తమ్ముళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.