ఈశ్వరమ్మ కళ్ళంలో పుట్టిన ఊట

ఆ కొండదిగువన కాఫీ పండించేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, కాఫీ పుట్టినిల్లు తన కళ్ళమే అన్నట్టు నడిచే మనిషి ఈశ్వరమ్మ ఒక్కతే. ఎర్రపండు తప్ప కోయదు. తోలు తీసి, కడిగి, ఆరబోసిన గింజల మీద కోడి నడిచిందా, ఆ కోడిగలవాళ్ళకు ఆ పూట అన్నం సహించదు. ఆమె నోరు అలాంటిది. అన్న మాట వెనక్కి తీసుకున్న పాపాన పోలేదు. ఒకసారి పొరపాటున "సంత రేపు" అనేసింది. ఊరంతా ఆ రోజే వెళ్ళొచ్చింది. ఆమె మాత్రం మర్నాడు వెళ్ళి, ఖాళీ సంతలో కాసేపు కూర్చొని వచ్చింది.

పైగట్టున ధర్మతేజ రిసార్టు. విశాఖపట్నంలో స్థలాలమ్ముకునే మనిషి, కొండగాలికి మనసు పారేసుకున్నాడు. నేల ఎవరి పేరున ఉందో అడగకూడదు, అది పెద్దల వ్యవహారం. ముందు గదులు, వెనక పెరట్లో ఈతకొలను కట్టాడు. కొలను చల్లగా ఉందని దానికి ఆనించి వేడినీళ్ళ తొట్టె కట్టాడు. స్పా అంటారట. డిసెంబరు చలికి వణకడానికి డబ్బిచ్చి వచ్చే జనం, ఆ వణుకు పోవడానికి మళ్ళీ డబ్బిచ్చి అందులో కూర్చుంటారు. అడుగునుంచి బుడగలొస్తుంటే ఎసట్లో బియ్యంలా కదులుతుంటారు. ఈశ్వరమ్మకు ఆ వైభోగంతో పేచీ లేదు. పేచీ కళ్ళం తడిసినప్పుడొచ్చింది.

ఒక ఉదయం పైగట్టు మట్టిలోంచి నీరు చెమర్చి, ఆరబోసిన గింజల కిందికి పాకింది. ఎండే గింజ మళ్ళీ తడిస్తే బూజువాసన పట్టేస్తుంది. కొనేవాడు గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకొని, బస్తా పక్కకు నెట్టేస్తాడు. ఏడాది కష్టమంతా ఆ ముక్కు దయ. ఆమె వేలు ముంచి చూసింది. నీరు గోరువెచ్చగా ఉంది. తడిగింజలు కొంగున కట్టుకొని గట్టెక్కింది.

"బాబూ, నీ ఉడుకుతొట్టి కారతంది. నా కాఫీ తడిసిపోతంది. బేగి బాగుసేయించు."

తొట్టె నిండా అతిథులున్నారు. ధర్మతేజ గొంతు తగ్గించాడు. "అది కారదమ్మా, ఫారిన్ మాల్. కొండ కదా, ఎక్కడో ఊట పడి ఉంటుంది."

"ఊట ఉడుకుగా ఉంటదేటి?"

"ప్రకృతి అమ్మా. మనకేం తెలుసు."

రోజూ పొద్దుటికల్లా తొట్టెలో నీరు బెత్తెడు తగ్గుతోందని అతనికి తెలుసు. అతిథులు తాగేస్తున్నారనుకున్నాడు కాబోలు, నింపిస్తూనే ఉన్నాడు. తవ్వి బాగుచేయిస్తే సీజనంతా తొట్టె మూతపడుతుందని అతని బాధ.

"అయితే ఊటేనంటావు."

"ఊటే."

ఈశ్వరమ్మ గట్టు దిగింది. ఆమె నేరుగా పూజారి మంగ్లు ఇంటికెళ్ళింది.

"మంగ్లూ, నా కళ్ళంకాడ కొత్త ఊట పుట్టింది. అమ్మోరికి ఒప్పసెప్పాల."

ఆ ఊళ్ళో కొత్త ఊట పుడితే పసుపు జల్లి, కోడిని కోసి అమ్మవారికి అప్పగిస్తారు. ఎండల్లో విత్తనాలకు చేసే ఇటుకల పండగ దాకా ఆ ఊటకు ఎగువన ఎవరూ స్నానం చేయకూడదు, చెప్పులతో నడవకూడదు. మధ్యాహ్నానికి డప్పు మోగింది, పసుపు పడింది. తొట్టెలోవాళ్ళను ఊరిపెద్దలు మర్యాదగానే లేపారు. తువ్వాళ్ళు చుట్టుకొని, ఉత్తకాళ్ళతో వణుకుతున్న ఆ జనాన్ని చూసి ఈశ్వరమ్మకు కడుపు నిండింది.

నిండిన కడుపు మంగ్లు మాటతో ఖాళీ అయింది.

"వొదినా, అమ్మోరి నీటికి అడ్డెట్టకూడదు, మళ్ళించకూడదు. నీ కాఫీ తీసీ."

"నా కళ్ళంలోంచి నాను తియ్యడమేటి?"

"ఊటని నువ్వే కదేటి అన్నావు."

కట్టుబాటులో ఈ సగం ఆమెకు తట్టలేదు. తెలివి ఎక్కువైనప్పుడు సగమే తడుతుంది. కాఫీ ఎత్తి అరుగు మీద, మంచం మీద, పొయ్యి చుట్టూ పరిచింది. బయట మంచు, లోపల చెమ్మ. మర్నాడు గింజ కొరికితే పంటికింద మెత్తగా అణిగింది. వాసన చూస్తే పులుపు తొంగిచూస్తోంది.

అదే పొద్దున గదులు ఖాళీ అయిన ధర్మతేజ, చెప్పులు చేత్తో పట్టుకొని కళ్ళానికి దిగాడు. పెద్దలందరి ముందూ ఒప్పుకున్నాడు. "ఊట కాదండీ. మా స్పా నీళ్ళే. కింద పైపు అతుకు ఊడింది."

నిన్న ఊట, ఇవాళ పైపు అనే మనిషి మాట మంగ్లుకు పనికిరాలేదు. ఈశ్వరమ్మ వైపు తిరిగాడు.

"కళ్ళం నీది. నువ్వు సెప్పు. ఊటా, తొట్టినీరా?"

ఊటంటే మాట నిలుస్తుంది, కాఫీ పోతుంది. తొట్టినీరంటే కాఫీ దక్కుతుంది, అమ్మవారి ముందు అబద్ధమాడిన మనిషిగా మిగులుతుంది. ఈశ్వరమ్మ కొంగున ఉన్న గింజ ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"తొట్టినీరే."

"మరి నిన్న ఊటన్నావు?"

"నానన్నానేటి? ఈ బాబన్నాడు. సదువుకున్నోడు అబద్ధమాడతాడా అని నమ్మీసినాను."

జనం నవ్వారు. మంగ్లు నవ్వలేదు. "నమ్మించినందుకు ఆ బాబుదో కోడి, నమ్మినందుకు నీదో కోడి. అమ్మోరికి తప్పు కట్టండి."

ఈశ్వరమ్మ తన కోళ్ళలో బలిసిన పుంజునే తెచ్చిచ్చింది. ఓడినా బక్కకోడితో ఓడే మనిషి కాదు. తొట్టె ఖాళీ చేయిస్తానని లేచిన ధర్మతేజ, ఆ నీరెటు వదలాలా అని పల్లం వైపు చూశాడు.

"ఇటు సూడకు," అందామె చీపురందుకుంటూ. "బకెట్లున్నాయి కదా, అవతల పారే గెడ్డకి మొయ్యి. అదయ్యాక ఇటొచ్చి నా కాఫీ మొయ్యి. ఎండ ఒచ్చీసింది."