చల్లగానే ఎక్కిన పళ్ల రింగు

"శనివారం పాతసామాన్లాయనను రమ్మన్న," అన్నాడు మా అన్న, చింతపండు తూస్తూ, నా వైపు చూడకుండా. "గప్పటిలోపట జీపు సెల్ఫ్ తోటి లేస్తే ఉంచుకో. లేకుంటే ఇనుముల పోతది."

జనగామలో మా కిరాణా దుకాణం వెనుక నిలబడి ఉండే ఆ డీజిల్ జీపు వయసులో నాకంటే పెద్దది. నాన్న కొన్నది. ఆయన పోయాక రఘునాథపల్లి చుట్టుపక్కల ఊళ్లలోని చిన్న దుకాణాలకు సరుకు వేసే పని నాకొచ్చింది. జీపు పోతే నేను మళ్లీ అన్న పక్కన గల్లాపెట్టె దగ్గర కూర్చొని, చిల్లర లేదని వచ్చినవాళ్ల చేతుల్లో చాక్లెట్లు పెడుతూ బతకాలి.

దాని జబ్బు ఇది. ఇంజను వెనకాల ఫ్లైవీల్ అనే బరువైన చక్రం ఉంటుంది. దాని అంచుకు పళ్ల రింగు ఒకటి బిగించి ఉంటుంది. తాళం తిప్పగానే స్టార్టరు మోటారు ఆ పళ్లను పట్టుకొని ఇంజనును తిప్పాలి. మా రింగు పళ్లు అరిగి ముసలమ్మ చిగుళ్లయ్యాయి. తాళం తిప్పితే గీర్రుమని అరుపు, ఆ తర్వాత నలుగురిని బతిమాలి తోయించుకోవడం.

మెకానిక్ మా దుకాణం వెనుకే గేర్‌బాక్సు దించి, ఫ్లైవీల్ బయటపెట్టాడు. "గిది మీ నాయిన ఉన్నప్పుడే ఒకపారి తీసి, తిప్పి ఏసిన చెల్లే. ఇగ తిప్పనీకి జాగ లేదు. వేరేది కావాలె."

మహబూబాబాద్ దాకా పోయి అడిగాను. ఈ ఇంజను సామాను రావడం మానేసి ఏళ్లయిందన్నారు. ఒకడైతే నవ్వుతూ "మ్యూజియంల అడుగు అక్కా" అన్నాడు. ఆ పళ్లికిలింపుకు నాకు తిక్క లేచింది. చివరికి భూపాలపల్లిలో పాత బండ్ల సామాను అమ్మే ఒక ముసలాయన దగ్గర ఉండొచ్చని తెలిసింది.

"ఫ్లైవీల్ తీస్కపో," అన్నాడు మెకానిక్. "రింగు దాని మీద పెట్టి చూడు. సల్లగున్నప్పుడు ఎక్కొద్దు. ఎక్కిందంటే గది మనది కాదు. నిప్పుల మీద కాల్చినంకనే ఎక్కాలె, సల్లారి పట్టుకోవాలె."

నేను తీసుకుపోలేదు. బరువని కాదు. దుకాణదారుల ఇంట్లో పిల్లలకు అక్షరాలకంటే ముందు వచ్చే చదువు ఒకటుంది: అవసరాన్ని చేతిలో పట్టుకొని ఎదుటివాడి కొట్టు మెట్లెక్కకూడదు. చీర కావాలంటే ముందు తువ్వాల ధర అడగాలి. ఫ్లైవీల్ చంకన పెట్టుకొని పోతే, దిక్కులేక వచ్చానని నుదుటి మీద రాసుకున్నట్టే.

కాబట్టి ఆ ముసలాయన కొట్టులో ముందు ఒక పాత జాకీ ధర అడిగాను. దానికి వంకలు పెట్టాను. పోతూ పోతూ గోడకు వేలాడుతున్న రింగుల వైపు గడ్డం ఎత్తి, "గవెంత?" అన్నాను.

"ఏ ఇంజన్‌కు బిడ్డా?"

"ఏ ఇంజన్‌కూ కాదు. ఊర్కెనే అడుగుతున్న."

"ఏదన్న బండి ఉండాలె కద?"

"నాకేం తెల్సు తాతా. మా ఊర్ల ఒకాయన అడగమన్నడు."

దొంగచాటుగా పళ్లు లెక్కపెట్టాను, మా పాత రింగు లెక్కకు సరిపోయాయి. అడ్డంగా జానతో కొలిచాను, అదీ సరిపోయింది. చెప్పిన ధరను సగానికి తెగ్గొట్టి, అప్పుడు కూడా ఇష్టం లేనట్టు మొహం పెట్టి కొన్నాను. బస్టాండు నుంచే మెకానిక్‌కు ఫోన్ చేశాను: "దొరికింది. పాతది కోసెయ్ అన్నా." బస్సులో ఆడవాళ్లకు ఉచితం కాబట్టి నాకు జీరో టికెట్, గోనెసంచిలోని రింగుకు మాత్రం లగేజీ టికెట్. దానికీ పరకాల దాకా కండక్టరుతో కొట్లాడాను.

మెకానిక్ కట్టెలు పేర్చి పెట్టుకున్నాడు. ముందు రింగును చల్లగానే ఫ్లైవీల్ మీద పెట్టి చూశాడు. టప్పున కూర్చుంది.

"అబ్బ, ఎంత మంచిగ కూసున్నది!" అన్నాను. కట్టెలు కూడా మిగిలాయని లోపల సంబరం.

ఆయన వేలితో నెట్టాడు. రింగు చుట్టూ తిరిగింది.

"గాజులు కొననీకి పోయేటప్పుడు చెయ్యి ఇంట్ల పెట్టి పోతవా చెల్లే?"

పాత రింగు రెండు ముక్కలై నేల మీద పడి ఉంది. నా ఫోనుతోనే తెగింది అది. మర్నాడు శుక్రవారం.

ఫ్లైవీల్‌ను బస్సెక్కించుకొని మళ్లీ భూపాలపల్లి పోయాను. దారి పొడవునా తిట్లు పోగుచేసుకున్నాను. కొట్టు మెట్లెక్కకముందే మొదలుపెట్టాను. "తెల్ల వెంట్రుకలకన్న సిగ్గుండాలె! ఆడమనిషని తప్పు సామాన్ అంటగడ్తవా?"

ముసలాయన బీడీ ఆర్పి, నేను అలిసేదాకా ఆగాడు.

"అయిపోయిందా బిడ్డా? ఏ ఇంజన్‌కని అడిగితి. ఏ ఇంజన్‌కూ కాదంటివి. ఏ ఇంజన్‌కూ కానిదే ఇచ్చిన."

డ్యూటీ దిగి చాయ్ తాగుతున్న ఇద్దరు గని కార్మికులు పగలబడి నవ్వారు. ఆయన అబద్ధమాడి ఉంటే నా ఒళ్లు అంతగా మండేది కాదు. చెప్పేశాను. జీపు, అన్న, శనివారం, గల్లాపెట్టె, అన్నీ. అమ్మేవాడి ముందు నిజమైన అవసరం చెప్పుకోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

ఆయన ఫ్లైవీల్‌ను కొలిచి, లోపలి నుంచి వేరే రింగు తెచ్చి పెట్టాడు. వెంట్రుకవాసి తక్కువై, ఎక్కకుండా ఆగింది. కళ్లకద్దుకోవాలనిపించింది. అప్పుడు ధర చెప్పాడు. మొదటి రింగుకు చెప్పినదానికి రెట్టింపు.

"ఏంది తాతా గిది! నా పరేషాన్ చెప్పుకున్నననేనా?"

"గీ సైజుది గిదొక్కటే ఉన్నది బిడ్డా. నిన్న అడిగినా గింతే."

నిజమో కాదో ఇప్పటికీ తెలియదు. తెలియకపోవడమే ఇప్పటికీ మంట. తప్పు రింగు వెనక్కి తీసుకున్నాడు, అంతవరకు మనిషే. మిగతా డబ్బు పళ్లు కొరుకుతూ ఇచ్చి వచ్చాను.

శనివారం పొద్దున మెకానిక్ రింగును నిప్పుల మీద కాల్చాడు. పళ్లను మెత్తబరిచే నీలం రంగు రాకముందే, గోధుమ రంగు తేలగానే పట్టకారుతో ఎత్తి ఫ్లైవీల్ మీదికి దించి, చుట్టూ సుత్తితో తట్టాడు. చల్లారాక ఇద్దరం కలిసి నెట్టినా కదల్లేదు. గేర్‌బాక్సు ఎక్కించేసరికి పాతసామాన్లాయన ట్రాలీ ఆటో వచ్చి సందులో అడ్డంగా ఆగింది.

తాళం తిప్పాను. ఇంజను లేచింది.

అన్న బయటికొచ్చాడు. పాతసామాన్లాయనతో ఏదో గుసగుసలాడి, నా పక్కకొచ్చాడు. "నడిచే బండికైతే వేరే రేటంటున్నడు. మస్తు పెంచిండు. ఎంతనో అడగవా?"

మంచి ధరే అయ్యుంటుంది. ధర వినకుండా వదిలేయడం నా ఒంటికి పడదు, అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది.

"గాయన ఆటో తియ్యమను," అన్నాను.

అన్న కదల్లేదు. నేను హారన్ మీద చెయ్యి పెట్టి, ఆటో తీసేదాకా ఎత్తలేదు.